కింది ఇంట్లో పాత కంప్యూటరు

మార్చి 4, మంగళవారం

కంప్యూటరు మళ్ళీ అడిగింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉందట. ఇప్పుడే వేయమంటారా, తర్వాత గుర్తు చేయమంటారా అని. చలికాలం నుంచీ అడుగుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ "తర్వాత" నొక్కేవారు. ఆయనకు అన్నీ తర్వాతే. పన్ను చూపించుకోవడం తర్వాత, కుళాయి వాషరు మార్పించడం తర్వాత, తన ఈత పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం తర్వాత. నేను ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసిన మనిషిని. "తర్వాత" అని ఫైలు పక్కన పెట్టిన గుమాస్తా నా కళ్ళెదుట నిలబడగలిగేవాడు కాదు.

ఆయన స్నానానికి వెళ్ళగానే "ఇప్పుడే" నొక్కాను.

మధ్యాహ్నం దాకా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. సాయంత్రానికి "సుస్వాగతం" అంది. బాగానే ఉంది.

మార్చి 5, బుధవారం

బాగానే ఉందని తొందరపడి రాశాను. ఎడమ మూల ఉండాల్సిన బటను మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఎవరు రమ్మన్నారు? నేను అడగని వార్తలు చెబుతుంది, నేను అడగని ఊళ్ళో వాన పడుతుందంటుంది. ప్రింటరు కనబడటం లేదంటుంది. అది పక్కనే, జానెడు దూరంలో ఉంది.

పాత సిస్టమ్ తాలూకు ఫైళ్ళు చాలా చోటు ఆక్రమించాయి, తీసేయమంటారా అని అడిగింది. ఈ ఒక్క ప్రశ్న మాత్రం మర్యాదగా ఉంది. తీసేయమన్నాను. పాత చెత్త దాచుకోవడం నాకు అలవాటు లేదు.

మార్చి 6, గురువారం

పుస్తకం తెరుచుకోలేదు.

సాయంత్రం కాఫీలు తాగి ఎప్పటిలాగే పనికి కూర్చున్నాం. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, "ఎనిమిదో అధ్యాయం, వెల్లకిలా తేలడం" అన్నారు. నేను తెలుగు టైపు ప్రోగ్రాము నొక్కాను. ఈ సిస్టమ్‌లో ఈ ప్రోగ్రాము పనిచేయదంది. సరే, ముందు రాసిన అధ్యాయమైనా చూద్దామని ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, ఆశ్చర్యార్థకాలు, శాతం గుర్తులు. చీమల పుట్ట తవ్వినట్టు తెర నిండా అవే. ఏడు అధ్యాయాలూ అంతే.

ఆయన లేచి వచ్చి నా భుజం మీదుగా చూశారు. "ఇదేమిటోయ్, మన ఈత పుస్తకం ఏ భాషలోకి వెళ్ళిపోయింది?" అని నవ్వారు. నవ్వు పూర్తి కాకముందే ఆగిపోయింది. నెలాఖరుకు ప్రెస్సుకు ఇవ్వకపోతే, చలికాలంలో మూసిన ఈత కొలను మళ్ళీ తెరిచే నాటికి పుస్తకం రాదు. పెద్దవాళ్ళ కొత్త బ్యాచికి తలా ఒకటి ఇస్తానని కొలను మేనేజరు మాట ఇచ్చాడు. అక్కడ ఈత నేర్పే ఆయన్ని చెవి ఆపరేషను తర్వాత డాక్టరు నీళ్ళలో దిగొద్దన్నాడు. ఇక ఆ కొలను దగ్గర ఆయన ఉండేదంటూ ఉంటే ఆ పుస్తకంలోనే.

"ఎవరు వేశారు ఈ కొత్తది?" అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

మార్చి 7, శుక్రవారం

మనవరాలికి ఫోన్ చేశాను. పళ్ళ డాక్టరు, తీరిక ఉండదు, అయినా ఓపిగ్గా వింది. మన టైపు ప్రోగ్రాము ఇరవై ఏళ్ళ నాటిదట, ఆ అక్షరాలు కొత్త సిస్టమ్‌కు అర్థం కావట. పది రోజుల లోపల అయితే పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్ళిపోవచ్చు, సులువే, పాత ఫైళ్ళు ఉంటే చాలు అంది.

పాత ఫైళ్ళు తీసేశానని చెప్పాను.

"నానమ్మా, వాటిని ఎందుకు తీశావు?"

"అడిగింది, తీశాను."

"ఫోను పెట్టేయి, రోగి నోరు తెరుచుకుని కూర్చున్నాడు" అంది.

మార్చి 8, శనివారం

ఆయన కింది అంతస్తుకు వెళ్ళారు. అక్కడ కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైనావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ దగ్గర మన టైపు ప్రోగ్రామే ఉంది, కంప్యూటరు పాతదే, పాత సిస్టమే. మెట్ల దగ్గర కలిసినప్పుడు ఆయన గోడు చెప్పుకుంటే, "తీసుకురండి మాస్టారూ, నా దాంట్లో చూద్దాం" అందట. పెన్‌డ్రైవు తీసుకుని వెళ్ళారు. ఏడు అధ్యాయాలూ చక్కగా తెరుచుకున్నాయట. తిరిగి వచ్చి ఆ ముక్క చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది.

సంతోషం.

మార్చి 9, ఆదివారం

పదిహేనేళ్ళ కిందట ఆవిడ కొలనులో ఆయన దగ్గర ఈత నేర్చుకుంది. అందుకని మాస్టారూ అంటుంది. అనుకోనీ, తప్పు లేదు. కానీ నన్ను "అక్కయ్యగారూ" అంటుంది. నాకంటే రెండేళ్ళు చిన్న, అంతే. జుట్టుకు రంగు వేస్తే అక్కయ్యలు పుట్టుకొస్తారు కాబోలు. సరే, అదీ అనుకోనీ. నేను అక్కయ్యనైతే ఆయన ఆవిడకు ఏమవుతారు? బావగారు. నన్ను వదినగారూ అని, ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిస్తే గొడవే లేదు. ముప్పై ఏళ్ళు కోర్టులో కూర్చున్న మనిషికి ఈ పాటి వరసలు తెలియవా?

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మనవరాలితో ఈ మాట అన్నాను. "నానమ్మా, నీకు కుళ్ళు పుట్టింది. ఎక్స్‌రే కూడా అక్కర్లేదు" అంది.

నాకు అలాంటివి లేవు. వరస వరసగా ఉండాలన్నాను, అంతే.

మార్చి 11, మంగళవారం

ఎనిమిదో అధ్యాయం అక్కడే మొదలుపెట్టారు. ఆయన చెబుతారు, ఆవిడ టైపు చేస్తుంది.

ఇది నేను ఊహించలేదు. ఫైళ్ళు తెరుచుకున్నాయి, కాగితాల మీద అచ్చు తీసుకుని వస్తారు, మిగతాది ఇక్కడ చేత్తో రాసుకుంటాం అనుకున్నాను. నాలుగేళ్ళుగా ఆయన చెప్పేది రాసింది నేను. ఆయన వాక్యం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మర్చిపోతారో నాకు తెలుసు. "ఆ, అదే, ఏమంటారు దాన్ని" అంటే ఆ మాట అందించేది నేను. ఇవాళ అది కింద ఎవరో అందించారు. లేకపోతే అందించకుండానే రాసేసుకున్నారు.

ఇక్కడ మన కంప్యూటరు ఈ రోజు తనంతట తాను ఆరిపోయి మళ్ళీ వెలిగింది. అత్యవసరమైన మార్పు చేసుకుందట. నాకు కనబడిన మార్పు ఒక్కటే: అక్షరాలు ఇంకా చిన్నవయ్యాయి.

మార్చి 12, బుధవారం

బూట్లు వేసుకుని వెళ్ళారు. ఒక అంతస్తు దిగడానికి బూట్లు.

మార్చి 13, గురువారం

గడ్డం గీసుకుని వెళ్ళారు. నీలం చొక్కా. కొలను మూసినప్పటి నుంచి రెండు రోజులకోసారి గీసుకునే మనిషి.

నేను అడగలేదు. చూసింది రాస్తున్నాను.

మార్చి 14, శుక్రవారం

కంప్యూటరు షాపు నుంచి రిపేరు అతన్ని పిలిపించాను. మెళ్ళో వైరు చుట్టుకుని వచ్చాడు. ప్రింటరును దారికి తెచ్చాడు. పాత టైపు ప్రోగ్రాము ఇక రాదని తేల్చి చెప్పాడు. పాత ఫైళ్ళను కొత్త అక్షరాల్లోకి మార్చే ఉపాయం ఒకటి ఉందని ప్రయత్నించాడు. వచ్చింది కానీ ఒత్తులన్నీ ఊడిపోయి, దీర్ఘాలు పక్క అక్షరం నెత్తికెక్కి కూర్చున్నాయి. దాన్ని సరిచేయడం కంటే మళ్ళీ టైపు చేయడమే నయం. కొత్త తెలుగు కీబోర్డు పెట్టి, "దీనికి అలవాటు పడండి మామ్మగారూ, వారం చాలు" అన్నాడు.

కొత్త దాంట్లో "క" ఉండాల్సిన చోట లేదు. ఏదీ ఉండాల్సిన చోట లేదు. వేళ్ళు పాత దారినే పోతాయి. "నీరు" కొడితే ఇంకేదో వస్తుంది. ఒక పేరా కొట్టేసరికి మెడ పట్టేసింది. మధ్యలో అది తనంతట తాను ఇంగ్లీషులోకి దూకుతుంది.

అయినా తెలుగు వస్తోంది. అది చాలు.

ఆయన పైకి రాగానే చెప్పాను, మనది బాగైంది, ఇక కిందికి వెళ్ళక్కర్లేదు అని. ఆయన బూట్లు విప్పుతున్నారు. తల ఎత్తలేదు.

"చూద్దాంలే. ఇప్పుడు అధ్యాయం మధ్యలో ఉన్నాం" అన్నారు.

ఉన్నాం అన్నారు. ఎవరెవరం?

మార్చి 15, శనివారం

అడిగేశాను. కోపంగా కాదు, మామూలుగానే అడిగాను. మన కంప్యూటరు పనిచేస్తుంటే పక్కవాళ్ళ ఇంటికి ఎందుకు వెళ్ళాలి అని.

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నువ్వు రాస్తే నేను చాలా పద్ధతిగా కనబడతానోయ్" అన్నారు. "నీళ్ళలో దిగేవాళ్ళకి పద్ధతి గల మనిషి అక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉంటే చాలు."

"అంటే నేను చెడగొడుతున్నానా?"

"చెడగొట్టడం లేదు. సరిచేస్తున్నావు. ఆవిడ సరిచేయదు. నేను ఎలా అంటే అలాగే కొడుతుంది."

అది టైపా? నోటికొచ్చింది కొట్టడానికి చదువెందుకు? "వణుకుతున్న వాడి చెయ్యి వదిలితే వాడు మునగడు, నన్ను తిడతాడు" అని ఒకసారి చెప్పారు. తీసేశాను. పుస్తకంలో తిట్లేమిటి? "మొదటి రోజు మీరు రెండు గుక్కలు నీళ్ళు తాగుతారు, నేనూ తాగాను, బతికే ఉన్నాను" అన్నారు. అదీ తీసేశాను. ఆ స్థానంలో "ప్రారంభదశలో కొద్దిపాటి నీరు నోటిలోనికి పోవుట సహజము" అని పెట్టాను. అందులో తప్పేముంది? ఒక్క తప్పు లేదు.

నేను ఎప్పుడూ కొలనులో దిగలేదు. ఆ మాట ఆయన అనలేదు. అనకపోయినా వినబడింది.

మార్చి 17, సోమవారం

ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టారో కనబడక సంచీ వెతికాను. కళ్ళజోడు మేడ మీదే ఉంది, బట్టలు ఆరేసే తీగ దగ్గర. సంచీలో కాగితాలున్నాయి. ఆవిడ ఏ రోజు పని ఆ రోజు అచ్చు తీసి ఇస్తుంది, ఆయన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటారు. ఎనిమిదో అధ్యాయమే కాదు, పాత ఏడూ మళ్ళీ మొదటి నుంచి చెప్పి రాయించుకుంటున్నారు.

మొదటి అధ్యాయం నేను రాసింది ఇలా మొదలయ్యేది: "జలభయమును జయించుటయే ఈతకు తొలి మెట్టు."

ఇప్పుడు ఇలా ఉంది: "నీళ్ళంటే మీకు భయమా? మంచిది. భయం లేనివాళ్ళ మీదే నేను కన్నేసి ఉంచుతాను. మీరు మెట్టు మీద కూర్చుని పాదాలు తడుపుకోండి. ఇవాళ్టికి అంతే. ఇంటికి వెళ్ళి ఈత నేర్చుకుంటున్నానని అందరికీ చెప్పండి, అబద్ధం కాదు."

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఈ మనిషి నా పక్కన కూర్చుని నాలుగేళ్ళు ఈ గొంతుతోనే చెప్పారు.

తేలడం అధ్యాయంలో ఒక చోట ఇలా ఉంది: "నా శిష్యురాలు ఒకామె ఉండేది. నెల రోజులు గట్టు కడ్డీ వదల్లేదు. ఒక ఉదయం తనంతట తానే వదిలింది. ఆకులా తేలింది. నీళ్ళు ఆమెను మోస్తున్నాయని ఆమెకు తెలిసిన క్షణం నేను చూశాను. నా ఉద్యోగంలో అంత అందమైనది మరొకటి చూడలేదు."

ఆకులా.

కాగితాలు ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాను, మడత కూడా మార్చకుండా.

మార్చి 18, మంగళవారం

యాభై ఏళ్ళలో ఆయన నన్ను దేనితోనూ పోల్చలేదు. ఒకసారి తాళం అన్నారు, బీరువా తాళం పోయినప్పుడు. "నువ్వుండగా తాళమెందుకు?" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆకు.

మార్చి 19, బుధవారం

కింది ఇంటికి వెళ్ళాను. ఆయన చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళారు, మధ్యాహ్నం దాకా రారు. వదినగారూ అని పిలవమని మర్యాదగా చెప్పివద్దామనే వెళ్ళాను.

చిన్న ఇల్లు. కిటికీ కింద కంప్యూటరు, దాని మీద దుమ్ము పడకుండా కుట్లు వేసిన గుడ్డ. పక్కన రెండు కుర్చీలు. ఒకదాని మీద ఆయన వీపు నొప్పికి మెత్త. ఆ మెత్త మన ఇంటిది కాదు. ఆవిడే కుట్టిందట.

"కూర్చోండి అక్కయ్యగారూ, కాఫీ పెడతాను" అని లోపలికి వెళ్ళింది.

తెర మీద మన పుస్తకం తెరిచి ఉంది. తొమ్మిదో అధ్యాయం. దాని మీద అడ్డంగా ఆ డబ్బా వచ్చి కూర్చుంది. కొత్త సిస్టమ్ సిద్ధంగా ఉంది. ఇప్పుడేనా, తర్వాతా?

వాయిదా వేసే అలవాటు ఎవరికీ మంచిది కాదు.

కాఫీ తాగాను. చక్కెర ఎక్కువ. వరస మాట చెప్పడం కుదరలేదు. వచ్చేశాను.

మార్చి 20, గురువారం

కింది ఇంటావిడ కంప్యూటరు పాడైందట. కొత్త సిస్టమ్ వేసుకుంటూ వేసుకుంటూ సగంలో ఆగి, నల్ల తెర పెట్టి, మళ్ళీ లేవలేదట. రిపేరు అతను చూశాడు. పాత యంత్రం, ఆ బరువు మోయలేకపోయిందన్నాడు. లోపలి డిస్కు పోయింది, అందులోవి ఏవీ రావు. పెన్‌డ్రైవు కూడా దానికే గుచ్చి ఉందట, అదీ ఖాళీ అయింది.

ఈ యంత్రాలు అంతే. నమ్మడానికి లేదు.

ఆయన మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేశారు.

మార్చి 21, శుక్రవారం

బాల్కనీలో కూర్చున్నారు. గడ్డం గీసుకోలేదు. పేపరు ఒళ్ళో ఉంది, పేజీ తిప్పలేదు.

మార్చి 22, శనివారం

ఆయన ఫోనులో మాట్లాడుతుంటే వంటింట్లోకి వినబడింది. కొలను మేనేజరుతో.

"కుదిరేట్టు లేదండీ, మళ్ళీ అంతా టైపు చేయాలంటే నెలాఖరు దాటిపోతుంది. లేదు లేదు, మీ తప్పేం లేదు. పుస్తకం కోసం ఆగకండి, బ్యాచి మొదలుపెట్టేయండి. కొత్త కోచి వచ్చాడుగా, కుర్రవాడు, బాగానే చెబుతాడు." కాసేపు ఆగి, "లేదండీ, నేనెందుకు రావడం? గట్టు మీద నిలబడి చూడటానికా?" అన్నారు.

ఫోను పెట్టేసి అక్కడే నిలబడిపోయారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కూర అడుగంటింది.

నేను నొక్కాను. "ఇప్పుడే" అన్నదాన్ని నొక్కింది నేను. ఆవిడ కాఫీకి లోపలికి వెళ్ళినప్పుడు, ఆ ఇంట్లో, ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగి నొక్కాను. ఏమవుతుందో నాకు తెలుసు. మొదటిసారి తెలియక నొక్కాను. ఈసారి తెలిసే నొక్కాను. ఆవిడ కంప్యూటరు మన కంప్యూటరులా పనికిరాకుండా పోతే ఆయన ఇంట్లో కూర్చుంటారనుకున్నాను. కూర్చున్నారు.

మార్చి 23, ఆదివారం

ఆయన సంచీలో ఉన్న కాగితాలు ఏడో అధ్యాయం వరకూ, ఎనిమిదిలో కొంత. మిగతా అచ్చు కాగితాలు ఆవిడ దగ్గరే ఉండాలి. ఉదయం కిందికి దిగాను.

ఆవిడ తలుపు తీసి, ఎందుకొచ్చానో అడగలేదు. బల్ల మీద కాగితాల కట్ట తీసి రబ్బరు బ్యాండు వేసి చేతిలో పెట్టింది. పదకొండు అధ్యాయాల్లో తొమ్మిదో దాని చివరి దాకా ఉన్నాయి, మిగతా రెండూ ఆయన ఇంకా చెప్పలేదు. ఒక్కొక్క పేజీ చివర ఆవిడ పొట్టి అక్షరాల్లో తేదీ.

వచ్చేయవలసింది. అక్కడే నిలబడ్డాను.

"నా కంప్యూటరు నన్ను రోజూ అడిగేది, అక్కయ్యగారూ" అంది. "నేను రోజూ వద్దనేదాన్ని. మొన్న మాత్రం నేను వంటింట్లో ఉన్నాను."

ఆడిట్‌లో ఎంతమందిని ఇలా నిలబెట్టి అడిగానో, వాళ్ళు నేల చూసేవారు. నేనూ నేలే చూశాను. ఆవిడ గడప దగ్గర చెప్పులు వరసగా ఉన్నాయి.

"మాస్టారికి కరెంటు పోయి వచ్చాక దానంతట అదే వేసుకోవడం మొదలుపెట్టిందని చెప్పాను. రిపేరు అతనికీ అదే చెప్పాను."

"ఎందుకు?" అన్నాను.

"ఆయన అడిగితే అబద్ధం చెప్పాలి కదా మీరు. నాకైతే అలవాటే. ముప్పై ఏళ్ళు అందరి అబద్ధాలూ టైపు చేశాను."

కొత్త కంప్యూటరు కొనిస్తానన్నాను. వద్దంది. అడిగి అడిగి చంపేది, పీడ విరగడైంది అంది. ఇంత మంచితనం నాకు నచ్చలేదు. తిట్టి ఉంటే లెక్క సరిపోయేది.

మార్చి 24, సోమవారం

మొదలుపెట్టాను. ఉదయం వంట తొందరగా ముగించి, ఆయనతో ఏమీ చెప్పకుండా, మన కంప్యూటరు ముందు కూర్చుని మొదటి అధ్యాయం నుంచి. కొత్త కీబోర్డు. అక్షరం అక్షరానికీ వెతుక్కోవాలి. "నీళ్ళంటే మీకు భయమా? మంచిది." ఈ రెండు ముక్కలకే మూడుసార్లు ఇంగ్లీషులోకి దూకింది.

ఒక్క మాట మార్చకూడదని కూర్చున్నాను. ఎంత కష్టమో. "తిడతాడు" దగ్గర వేలు ఆగిపోయింది. "గుక్కలు" దగ్గర ఆగిపోయింది. "ఇవాళ్టికి అంతే" అన్న చోట కర్త లేదు, క్రియ లేదు. అలాగే కొట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి వెనక నిలబడ్డారు. తెర మీద తన మాటలు చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు, కాసేపటికి లేచి వెళ్ళి గడ్డం గీసుకుని వచ్చారు.

మార్చి 26, బుధవారం

నా వేగంతో నెలాఖరుకు పూర్తి కాదు. కాగితం చూడటం, కీ వెతకడం, తెర చూడటం, మూడు పనులు. ఆయన చదివి వినిపిస్తానన్నారు కానీ చదువుతూ చదువుతూ కొత్త కథలు కలిపేస్తారు.

కిందికి వెళ్ళి అడిగాను. అడగడానికి మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఆవిడ కళ్ళజోడు, నీళ్ళ సీసా తీసుకుని వెంటనే బయల్దేరింది.

కోర్టులో చదివినట్టే చదువుతుంది. కామా దగ్గర "కామా" అంటుంది. ఎక్కడా తడబడదు. నా వేలు ఎక్కడ వెతుక్కుంటోందో చూసి, ఆ మాట అయ్యేదాకా ఆగుతుంది. మధ్యాహ్నానికి నాలుగో అధ్యాయం అయిపోయింది. ఆవిడ టైపు గొప్పది, ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం కష్టంగా ఉంది కాబట్టే రాస్తున్నాను.

ఆయన మూడుసార్లు వచ్చి కాఫీ కావాలా అని అడిగారు. ఈ ఇంట్లో ఆయన కాఫీ అడిగింది తనకోసమే, ఇవ్వడానికి ఎప్పుడూ కాదు.

మార్చి 28, శుక్రవారం

ఎనిమిదో అధ్యాయం.

ఆవిడ మామూలుగానే చదువుతోంది. "నా శిష్యురాలు ఒకామె ఉండేది, ఫుల్‌స్టాపు." కొట్టాను. "నెల రోజులు గట్టు కడ్డీ వదల్లేదు, ఫుల్‌స్టాపు." కొట్టాను. "ఒక ఉదయం తనంతట తానే వదిలింది, ఫుల్‌స్టాపు. ఆకులా తేలింది, ఫుల్‌స్టాపు." కొట్టాను. కొట్టి ఆగాను.

"ఇది మీరే కదా?" అన్నాను. గొంతు మామూలుగా ఉందనే అనుకుంటున్నాను.

ఆవిడ కళ్ళజోడు మీంచి నన్ను చూసింది.

"నేనే. ఆకేమిటి నా మొహం, వదినగారూ! కడ్డీ వదలగానే బండరాయిలా కిందికి పోయాను. భయంతో ఆయన బనీను పట్టుకుంటే మెడ దగ్గర నుంచి పొట్ట దాకా చిరిగింది. కొలను అంతా చూసింది. ఆ తర్వాత ఇంకో నెల రాలేదు నేను."

వదినగారూ అంది, నేను చెప్పకుండానే.

"మరి టైపు చేస్తున్నప్పుడు చెప్పలేదా?"

"సరిదిద్దడం నా పని కాదు కదా."

ఆ చిరిగిన బనీను నాకు గుర్తుంది. దండేనికి తగిలిందన్నారు. నేనే నేల తుడిచే గుడ్డ చేశాను. ఆ మాట ఆవిడతో చెప్పాను. ఆవిడకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఆవిడ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది, నేను కీబోర్డు మీదికి వంగిపోయాను, తెర మీద ఏవేవో అక్షరాలు పడ్డాయి. ఇంతలా ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు. కళ్ళు తుడుచుకుని "ఆకులా" అలాగే ఉంచేద్దామా అని ఆవిడ అడిగింది. ఉంచేద్దాం అన్నాను. వణుకుతూ మెట్టు మీద కూర్చునేవాళ్ళకి ఆకే కావాలి, చిరిగిన బనీను కాదు.

ఆయన గుమ్మంలోకి వచ్చారు. చేతిలో రెండు కాఫీ గ్లాసులు.

"ఏమిటి, అంత నవ్వుకుంటున్నారు?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మళ్ళీ నవ్వొచ్చింది. ఎవరమూ చెప్పలేదు.

"నా పుస్తకంలో నవ్వేదేముందోయ్ అంత?" అన్నారు. గొంతులో కొంచెం ఉక్రోషం ఉంది. గ్లాసులు బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా, గుమ్మానికి ఆనుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు.

కూర్చోమని నేను అనలేదు. కాసేపు నిలబడనీ.